పడనన్న దుర్యోధనుడు

ఇక మీదట ఎవరి చేతా దెబ్బలు తిననని మా ఆయన తేల్చి చెప్పింది రెండువేల ఒకటో సంవత్సరం ఎండాకాలంలో. ఇంకెవరి మొగుడైనా ఆ మాటంటే ఆ ఇంటావిడ దేవుడికి దండం పెట్టుకునేది. మా ఆయన సినిమాల్లో విలన్. విలన్ దెబ్బలు తిననంటే టైలరు సూది పట్టనన్నట్టే.

ఆ రోజు ఫోన్ చేసింది గోపాలస్వామి. హైదరాబాదులో మా ఆయన షూటింగుల సంగతులన్నీ చూసుకునే మేనేజరు. నేను అప్పుడే ఆవులకు తవుడు కలిపి లోపలికి వచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని రిసీవరు ఎత్తాను.

"కమలాక్షమ్మా, గంగుల్ గారికి మంచి వార్త. పెద్ద సినిమా. వచ్చే నెలలో క్లైమాక్సు ఫైటు తీస్తారు. బయల్దేరి రమ్మని చెప్పండి," అన్నాడు.

రిసీవరు అరచేత్తో మూసి మా ఆయన వైపు చూశాను. బనీను పైకి మడిచి, నులకమంచం మీద వెల్లకిలా పడుకుని విసనకర్ర ఊపుకుంటున్నాడు.

"దెబ్బలు ఉండాయేమో అడుగు," అన్నాడు పైకప్పు చూస్తూ.

అడిగాను. గోపాలస్వామి నవ్వాడు. "అదేం ప్రశ్నమ్మా? క్లైమాక్సులో దెబ్బలు కాక పసుపు కుంకుమలు పంచుతారా?"

"ఉండాయంట," అన్నాను మా ఆయనతో.

"అట్లయితే రానని చెప్పు. నేను కొడతానంటే వస్తా. తినమంటే రాను."

ఆ మాట ఫోన్లో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదని చెప్పి పెట్టేశాను. గుండ్రాయిలా ఉన్న మనిషికి జబ్బు అంటగట్టినందుకు నాకే చిరాకేసింది.

తెర మీద ఆయన పేరు గంగుల్. అసలు పేరు గంగులయ్య. రౌడీ పేరు చివర అయ్య ఎందుకని మద్రాసులో ఎవరో దర్శకుడు కోసేశాడట. మొదట్లో హీరో చుట్టూ తిరిగి తన్నులు తినే గుంపులో ఒకడు. తర్వాత ఆ గుంపుకు నాయకుడు. ఆ తర్వాత ఆ నాయకుడికి జీతమిచ్చే పెద్ద విలన్. అద్దాలు పగలగొట్టుకుని పడ్డాడు, బావిలో పడ్డాడు, గడ్డివామి మీద పడ్డాడు, తన కత్తి మీద తనే పడ్డాడు. ఆయన మీసం, ఎర్రటి కళ్లు, తొడ కొట్టే తీరు చూసి మదనపల్లె థియేటర్లలో చంటిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. ఇంట్లో బల్లి కనబడితే ఈ మనిషి నన్ను కేకేస్తాడని ఆ పసివాళ్లకు ఎవరు చెబుతారు?

పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో మా ఊరు. ఆయన షూటింగులకు పోతే నేను ఆవుల్నీ టమోటా తోటనూ చూసుకుంటాను. ఆయన సంపాదన రాకపోతే మేమేమీ పస్తులుండం. అందుకని నాకు భయం వేయలేదు. కానీ ఆ మనిషిని నేను ఎరుగుదును. పని లేకపోతే వారం తిరక్కుండా ఆవుల్ని పేరు పెట్టి తిట్టడం మొదలుపెడతాడు. రెండో వారం నన్ను. ఆ తర్వాత మాట్లాడటమే మానేస్తాడు. ఆ మాట్లాడకపోవడమే నేను భరించలేను.

అసలు సంగతి నాకు టమోటా తోటలో తెలిసింది. మా అమ్మాయి సుప్రజ అప్పుడు మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగు చదువుతోంది. పరీక్షలయ్యాక సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి తండ్రీ కూతుళ్లు ఎదురుపడితే ఒకరు దొడ్లోకి, ఒకరు వీధిలోకి పోతున్నారు. ఒకరోజు పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు పంపడానికి కాయలు కోస్తుంటే నేనే కదిలించాను.

"మీ నాయనకు, నీకు ఏం జరిగింది పాపా?"

అది పచ్చికాయలూ దోరకాయలూ వేరు చేస్తూనే చెప్పింది.

"నాయన నన్ను పిల్చుకోని పోను కాలేజీకి వచ్చినాడు గదమ్మా, ఆ పొద్దు జరిగింది. బస్టాపు కాడ టీ అంగడి ముందర మా క్లాసు పిల్లోళ్లు నాయన సినిమా ఆట ఆడతాండారు. ఆ మహేష్ ఉండాడే, వాడు మోకాళ్ల మీద కూర్చోని, 'ఒదిలేయండి సార్, బుద్ధొచ్చింది సార్' అని ఏడస్తాండాడు. ఇంకొకడు వాన్ని సెంపల మీద కొడతాండాడు. అందురూ పడీ పడీ నవ్వుతాండారు. నాయన వాళ్ల ఎనకాలే నిలబడుకోని సూస్తాండాడు."

"తర్వాత?"

"తర్వాత వాళ్లు తిరిగి సూసి అదిరిపోయినారు. నాయన తిట్టలేదు. నవ్వినాడు. వాళ్లు కాగితాలిస్తే సంతకాలు పెట్టిచ్చినాడు. మహేష్‌కు గూడా. బస్సులో పుంగనూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు."

"నువ్వేమన్నావు?"

సుప్రజ బుట్ట పక్కకు జరిపింది. "ఇంక నువ్వు కాలేజీకి రావద్దు నాయనా అన్నాను. ఏం జెయ్యమంటావమ్మా? ఆ హీరో సేతులు సూసినావా? ములక్కాడల మాదిరి ఉండాయి. ఆ సెయ్యి తగిలితే మా నాయన ఎగిరి పడాల్నా? పడి, ఏడ్చి, కాళ్లు పట్టుకోవాల్నా? నాకు తల కొట్టేసినట్టు ఉండాది."

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి వేసింది. ఆ సినిమా నేనూ చూశాను. హీరో ఎవరో నిర్మాత కొడుకు, మీసం కూడా సరిగా రాలేదు. ఆ పిల్లవాడి చెయ్యి విసురు చూస్తే ఈగను తోలినట్టుంటుంది. మా ఆయన మాత్రం మూడు బల్లలు విరగ్గొట్టుకుంటూ వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. ఆ పూట థియేటరంతా ఆ పిల్లవాడికి ఈలలు వేసింది. వాడి దెబ్బ నిజమని నమ్మించింది ఎవరో అక్కడ ఎవరికీ తట్టలేదు. తట్టకూడదు కూడా. తడితే మా ఆయన పని చెడిపోయినట్టే.

మధ్యాహ్నం అన్నం పెడుతూ ఆయన్ను నిలదీశాను.

"ఇన్నేండ్లు తిన్న దెబ్బల్లో ఒక్కటన్నా నిజంగా తగిలిందా నీకు?"

"తగల్లేదు."

"అట్లయితే ఇప్పుడు ఎందుకు నొప్పి పుడతాండాది?"

ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "పాప సెప్పిందా?"

"సెప్పింది."

"పాప సూస్తాండంగా నేను ఇంక కింద పడను కమలా. ఎవురైనా సరే, ఏ సినిమా అయినా సరే. ఇన్నాళ్లు పడినాను, సాలు."

"పడనంటే సినిమాల్లో నిన్ను పెట్టుకునేదెవరు?"

"పెట్టుకోకపోతే పోనీ."

మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు. మజ్జిగ లేకుండా ఆ మనిషి విస్తరి ముందు నుంచి లేవడం పెళ్లయినప్పటి నుంచి నేను చూడలేదు. ఇదేదో అలక కాదనీ, ముదిరిపోయిందనీ అప్పుడు అర్థమైంది. గోపాలస్వామి మళ్లీ ఫోన్ చేశాడు. మా ఊరి భారతం ముగిసేలోగా ఏ సంగతీ చెప్పకపోతే బొంబాయి నుంచి ఎవరినో దింపుతారట. ఒకసారి బొంబాయి మనిషి దిగితే గంగుల్ గారిని ఇక ఎవరూ అడగరని, మొహమాటం లేకుండా చెప్పాడు.

మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ఊరూరా భారతం పెడతారు. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి నాటకం. చివరి రోజు మాత్రం నాటకం పట్టపగలే. గుడి పక్క బయల్లో దుర్యోధనుడి బొమ్మను మట్టితో చేసి పడుకోబెడతారు. ఇల్లంత పొడుగు. దాని చుట్టూ భీముడు, దుర్యోధనుడు వేషాలు కట్టినవాళ్లు గదలు పట్టుకుని తరుముకుంటారు. మట్టి తొడలో ఎర్రనీళ్ల కుండ పాతిపెట్టి ఉంటుంది. భీముడు గదతో కొడితే ఆ కుండ పగలాలి. ఆ క్షణమే దుర్యోధనుడి వేషం కట్టినవాడు బొమ్మ పక్కన కూలిపోవాలి. ద్రౌపది ఆ ఎర్రనీళ్లు జుట్టుకు పూసుకుని ముడి వేసుకుంటుంది. అప్పటికి భారతం ముగిసినట్టు, వానలు దారి పట్టినట్టు. ఆ మట్టి తెచ్చి పొలంలో చల్లుకుంటే పురుగు పట్టదని ఆడవాళ్లంతా గంపలు పట్టుకుని కాచుకుని ఉంటారు.

ఆ ఏడు చివరి రోజు రెండు దినాల్లోకి వచ్చిందనగా గుడి ధర్మకర్త శ్రీరాములు మా ఇంటికి వచ్చాడు. నాటకం జట్టులో దుర్యోధనుడి వేషగాడు బస్సు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నాడట.

"గంగులన్నా, నువ్వే దిక్కు. నువ్వు సినిమాలకు పొయ్యే ముందర ఈ వేషం కట్టినోడివే గదా. పద్యాలు మర్చిపొయ్యుండవు," అన్నాడు.

మా ఆయన కళ్లు మెరిశాయి. అది నేను చూశాను. వెంటనే ముఖం గట్టిపడింది.

"భీముడు ఎవురు?"

"ఇంకెవురు? మన కుప్పుస్వామే."

కుప్పుస్వామి మా పుట్టింటి వైపు మనిషి, కుప్పం దగ్గరివాడు. మా ఆయనకు గద పట్టడం, తొడ కొట్టడం, పడటం అన్నీ నేర్పింది ఆయనే. ఏటి ఇసుకలో పొద్దుగూకేదాకా పదే పదే పడమనేవాడట. పడినప్పుడు ఒంటికి తగలకూడదు, చూసేవాడి గుండెకు తగలాలి అని చెప్పి మళ్లీ లేపేవాడట. శ్రీరాములు వెనకే ఆయన కూడా మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. ఎంత మారిపోయాడో. ఆ భుజాలు ఎటు పోయాయో తెలియదు. మంచి నీళ్లిచ్చి కూర్చోబెడితే ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"అన్నా, వేషం కడతా," అన్నాడు మా ఆయన. "పద్యం పాడతా, గద తిప్పుతా, ఎంత సేపు గావాల్నంటే అంత సేపు ఉరుకుతా. కానీ పడను. నువ్వు కొట్టేది మట్టి బొమ్మను గదా, దాన్ని కొట్టుకో. కుండ పగిలినంక నేను పక్కకు తప్పుకోని నిలబడుకుంటా."

శ్రీరాములు నోరు తెరిచాడు. "నిలబడుకోనుండే దుర్యోధనుడు యాడుండాడప్పా?"

కుప్పుస్వామి మాత్రం ఏమీ వాదించలేదు. మా ఆయన ముఖం ఒకసారి చూశాడు, పెరటి తలుపు దగ్గర నిలబడ్డ సుప్రజను ఒకసారి చూశాడు.

"సరేప్పా. నీకు ఎట్ల తోస్తే అట్లనే," అన్నాడు.

పోతూ పోతూ వసారాలో మళ్లీ కూర్చున్నాడు ఊపిరి కోసం. నేను తోడు నిలబడ్డాను.

"ఈ యేడు నన్ను మాన్పించమని ఊరి పిల్లోళ్లు అడిగినారంటమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ముసిలోడు, ఉరకలేడు, నగుబాటు అయితాదని. శ్రీరాములు ఈ ఒక్క తూరికి అని ఒప్పించినాడు. గంగులయ్యకు సెప్పొద్దు. వాని మనసులో ఏం ఉండాదో, దానికి తోడు ఇది ఎందుకు."

చెప్పొద్దంటే దాచిపెట్టుకునే స్వభావం కాదు నాది. ఆయన వీధి మలుపు తిరిగేలోగా లోపలికి వెళ్లి మొత్తం చెప్పేశాను. మా ఆయన విసనకర్ర ఊపడం ఆపి విన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

చివరి రోజు ఎండ మాడ్చేస్తోంది. సినిమా గంగుల్ దుర్యోధనుడు కడుతున్నాడని పేపర్లో జిల్లా పేజీలో వేశారు. పుంగనూరు నుంచి, బైరెడ్డిపల్లె నుంచి ట్రాక్టర్లలో దిగారు జనం. ఐసుబండ్లు వచ్చాయి. అంగళ్ల నుంచి కుర్రాళ్లు మోటారుసైకిళ్ల మీద వచ్చారు. సుప్రజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంటే అర్థమైంది, వాళ్లలో మహేష్ కూడా ఉన్నాడని.

"ఇంటికి పోదామమ్మా," అంది.

"నువ్వు పో. నేను నా మొగుడి ఆట సూడల్ల," అన్నాను. అది పోలేదు.

మా ఆయన బయల్లోకి అడుగుపెట్టాడు. కిరీటం, భుజకీర్తులు, చేతిలో గద. ఒక్కసారి తొడ కొట్టేసరికి ఐసుబండివాడు కూడా బండి వదిలి పరిగెత్తుకొచ్చాడు. "గంగుల్! గంగుల్!" అని ఒకటే అరుపులు. మట్టి బొమ్మ చుట్టూ పద్యం పాడుకుంటూ తిరిగాడు. గొంతు ఖంగుమంటోంది. నిజం చెప్పాలంటే నా ఒళ్లు పులకరించింది. మా ఊళ్లో, మా మట్టి మీద, కెమెరా లేకుండా ఆయన్ను అలా చూడటం ఎన్నేళ్లయిందో.

తర్వాత భీముడు వచ్చాడు.

వేషం భారీగానే ఉంది. లోపల మనిషే చాలలేదు. బొమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగేసరికి కుప్పుస్వామి రొమ్ము ఎగసిపడుతోంది. మా ఆయన ముందు పరిగెడుతున్నాడు, ఆయన వెనక. దూరం పెరిగిపోతోంది. ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలియడం లేదు. కుర్రాళ్ల గుంపులోంచి ఒకడు, "తాతా, సోడా తాగి రాపో!" అని అరిచాడు. నవ్వులు. ఇంకొకడు, "దుర్యోధనుడే గెలుస్తాడు రా ఈ తూరి!" అన్నాడు. దానికి ఈలలు. తమ ఊరి సినిమా మనిషి మీద మోజుతో జనం భారతాన్నే తిరగేయడానికి సిద్ధపడ్డారు. పెద్దవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ద్రౌపది వేషం కట్టినతను జుట్టు విరబోసుకుని ఎండలో దిక్కుతోచక నిలబడ్డాడు.

కుప్పుస్వామి గద పైకెత్తాడు. చెమటకో, ఆయాసానికో, అది చేతిలోంచి జారి మట్టిలో పడింది.

బయలంతా గొల్లున నవ్వింది. ఆయన వంగాడు. వంగినవాడు లేవలేక మోకాలి మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

అప్పుడు మా ఆయన పరుగు ఆపాడు.

వెనక్కి వచ్చాడు. పొగరుగా మీసం తిప్పి, కాలి బొటనవేలితో ఆ గదను కుప్పుస్వామి చేతి దగ్గరికి తోశాడు. "ఆయుధం లేనివాణ్ణి కొట్టను, తీసుకో వాయుపుత్రా!" అని గర్జించాడు. అది నాటకంలో లేని మాట. జనం అదీ ఆటలో భాగమే అనుకున్నారు. గద జారింది కాదు, దుర్యోధనుడే పడగొట్టాడు కాబోలు అనుకున్నారు. నవ్వు ఆగింది.

కుప్పుస్వామి గద పట్టుకుని లేచాడు. ఇద్దరి కళ్లూ కలిశాయి. అప్పుడు మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక్క అడుగే. కానీ అందులో భయం ఉంది. ఇంకో అడుగు. కళ్లు పెద్దవయ్యాయి. గద పట్టిన చెయ్యి వణికింది. ఇందాక ఊరంతా అదిరేలా గర్జించిన మనిషి, ఎదురుగా ఏదో కొండ కదిలి వస్తున్నట్టు చూస్తున్నాడు. ఆయన చూపు పట్టుకుని జనమంతా కుప్పుస్వామి వైపు చూశారు. అంతే, అక్కడ ఆయాసపడే ముసలాయన లేడు. భీముడు ఉన్నాడు. నెమ్మదిగా, తొందర లేకుండా, పారిపోయేవాడు ఎటూ పోలేడని తెలిసినవాడిలా నడిచి వస్తున్నాడు. ఆ నడక ఆయాసం వల్ల వచ్చిన నడకని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియలేదు.

సుప్రజ నా చెయ్యి వదిలేసి ముందుకు జరిగింది.

కుప్పుస్వామి గద దించాడు. ఎంత బలముందని ఆ దెబ్బలో? మట్టి తొడ మీద పడింది, లోపలి కుండ పగలనా వద్దా అన్నట్టు చిట్లింది. ఆ చిట్లిన చప్పుడు వినపడకముందే మా ఆయన గాల్లోకి లేచాడు. లేచి, అడ్డంగా తిరిగి, ఎర్రనీళ్లు పైకి చిమ్ముతుండగా వీపు నేలకేసి దబ్బున పడ్డాడు. భూమి అదిరినట్టు నా అరికాళ్లకు తెలిసింది. కిరీటం దొర్లుకుంటూ పోయింది. ఒక కాలు కొట్టుకుంది, ఆగింది.

తర్వాత చూడాలి ఆ అరుపులు! "భీమా! భీమా!" అని బయలు దద్దరిల్లింది. ఇందాక సోడా తాగమన్న కుర్రాళ్లే ఉరికి వచ్చి కుప్పుస్వామిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆయన ఒక చేత్తో గద, ఒక చేత్తో ఎవడిదో జుట్టు పట్టుకుని ఊగుతూ, ఏడుస్తూ, నవ్వుతూ గుడి వైపు పోయాడు. ద్రౌపది జుట్టు ముడేసుకుంది. మేళగాళ్లు వాయించారు.

దుర్యోధనుడు మట్టి బొమ్మ పక్కన ఒంటరిగా పడి ఉన్నాడు.

మా ఊళ్లో ఆ వేషం కట్టినవాడు తనంతట తాను లేవకూడదు. ఇంటివాళ్లు వచ్చి నోట్లో నీళ్లు పోసి లేపాలి. అప్పటిదాకా ఎవరూ ఆ మట్టి ముట్టరు. నేను చెంబు తీసుకునేలోగా సుప్రజ లాక్కుంది. దారికి అడ్డంగా ఉన్న మహేష్ మా అమ్మాయిని ఆపి అడిగాడు, "సుప్రజా, మీ నాయనకు నిజంగానే దెబ్బ తగిలిందా ఏంది?"

"తప్పుకో," అంది అది. "మా నాయన పడినాడు గదా, నేను పోవాల."

వాడి నవ్వు ఎటు పోయిందో, గబుక్కున పక్కకు జరిగాడు. అందరూ చూస్తుండగా అది ఆ ఎర్రమట్టిలో మోకాళ్ల మీద కూర్చుని తండ్రి తల ఎత్తి నీళ్లు పోసింది. నేను వెనకే వెళ్లాను. మా ఆయన ఒక కన్ను తెరిచాడు. ఎదురుగా కూతుర్ని చూసి రెండోది తెరిచాడు.

"సూసినావా?" అన్నాడు.

"సూసినా." చెంబు పక్కన పెట్టింది. "తాత సేతిలో అంత బలం యాడుండాది నాయనా? నువ్వు ఇచ్చినావు. నాకు తెలిసింది."

"గట్టిగా సెప్పొద్దు," అన్నాడాయన.

అది ఏడుస్తూనే నవ్వింది. "ఇంక లెయ్. ఇంటికి పోదాం." చంకల కింద చేతులు వేసి లేపబోయింది.

"ఉండమ్మా, ఇప్పుడే లేపొద్దు," అన్నాడు పెదవులు కదలకుండా. "అన్నను గుడి సుట్టూ తిప్పి రానీ. నేను లేచినానంటే అందురూ ఆయప్పను దించేసి నా మింద పడతారు."

సుప్రజ చేతులు ఆగిపోయాయి. దూరంగా మేళం గుడి వెనక్కి తిరుగుతోంది. "హైదరాబాదులో గూడా ఇట్లనే పడుకోనుంటావా?" అని అడిగింది.

"అదే గదమ్మా నా పని. మీ అమ్మకు సెప్పు, గోపాలస్వామికి ఫోన్ జేసి వస్తాండానని సెప్పమను."

"ఇనపడింది లే," అన్నాను నేను.

సుప్రజ చున్నీ తీసి రెండు చేతులతో ఆయన ముఖం మీద ఎండ పడకుండా పట్టింది. అప్పటికే ఆడవాళ్లు గంపలతో చుట్టుముట్టారు. వాళ్లకు మట్టి కావాలి, ఎండ మండిపోతోంది, పొలాలకు పోవాలి. ముందున్న ముసలమ్మ గంప నా కాలికి తగిలించి, "లేపండమ్మా తల్లీ! ఎంత సేపు పండుకోనుంటాడు మీ దుర్యోధనుడు?" అని గదిమింది.

నేను కొంగు నడుముకు దోపుకుని గంపలకు అడ్డంగా నిలబడ్డాను.

"అంత తొందరైతే ఎట్లవ్వా?" అన్నాను. "మా ఆయప్ప ఇంకా సచ్చిపోతానే ఉండాడు. కాసేపు ఉండండి."